హాగెన్-స్మిట్ ఓజోను పత్రం: ఒక విమర్శ

ఉన్నత పాఠశాల తరగతుల్లో ఓజోను పేరు సాధారణంగా ఒక్క సందర్భంలోనే వినబడుతుంది. భూమికి పదిహేను మొదలు ముప్పయి అయిదు కిలోమీటర్ల ఎత్తున అది ఒక పొరవలె వ్యాపించి, సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డగించి, ప్రాణికోటిని కాపాడుతున్నదని పాఠం చెబుతుంది. పాఠం సత్యమే. కాని అదే వాయువు మనిషి పీల్చే గాలిలో చేరితే ఏమవుతుందని విద్యార్థి అడిగితే ఆ పాఠం చాలదు. నగరపు గాలిలో ఓజోను ఎట్లు పుడుతుందన్న ప్రశ్నకు మొదటి గట్టి సమాధానం 1952లో వెలువడిన ఒక చిన్న శాస్త్రపత్రంలో ఉన్నది. దాని కర్త ఆరీ యాన్ హాగెన్-స్మిట్. అది అచ్చయినది "ఇండస్ట్రియల్ అండ్ ఇంజనీరింగ్ కెమిస్ట్రీ" అనే అమెరికా పత్రిక జూన్ సంచికలో. నిడివి అయిదు పుటలు. దాని పేరును తెలుగులో "లాస్ ఏంజిలిస్ స్మాగ్: రసాయనశాస్త్రం, శరీరధర్మశాస్త్రం" అని చెప్పుకోవచ్చు.

ఈ పేరులోని మొదటి సగానికి పత్రం చక్కగా న్యాయం చేసింది. రెండవ సగానికి చేసిన న్యాయం అరకొరది. ఆ లోటు పత్రంతోనే పోక, తర్వాతి కాలపు లెక్కల్లోకి, పట్టికల్లోకి కూడ పాకింది. అందువల్లనే డెబ్బయి ఏండ్లు దాటినా ఈ అయిదు పుటలను మళ్ళీ పరిశీలించవలసి వస్తున్నది.

కర్తను గురించి రెండు మాటలు చెప్పాలి. హాగెన్-స్మిట్ 1900లో హాలెండు దేశపు ఉట్రెక్ట్ నగరంలో పుట్టాడు. 1937 నుండి కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో జీవరసాయన శాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. మొక్కల పెరుగుదలకు తోడ్పడే హార్మోనులు ఆయన ప్రధాన విషయం. స్మాగ్ సమస్య చేతికి వచ్చేనాటికి ఆయన అనాసపండు వాసనకు కారణమైన పదార్థాలను వేరుచేసే పనిలో ఉన్నాడు. పండు ఆవిరులను బాగా చల్లబరచిన గొట్టాల్లో పట్టి, ద్రవంగా మార్చి, విడివిడిగా పరీక్షించడం ఆ పని. అదే పరికరంలోకి పండు ఆవిరికి బదులు లాస్ ఏంజిలిస్ గాలిని పంపాడు. ఘాటైన వాసన గల కొద్ది చుక్కల ద్రవం మిగిలింది. అందులో కనబడినవి చాలవరకు ఆమ్లజనితో కలిసి మారిపోయిన కర్బన పదార్థాలు. చిమ్నీలలో నుండి గాని, వాహనాల గొట్టాలలో నుండి గాని ఆ రూపంలో వెలువడనివి.

ఆ నగరంలో 1943 జూలైలో ఒకనాడు గాలి ఎంతగా చెడిపోయిందంటే జనం కళ్ళు మండి నీరు కార్చుకున్నారు. నేరం మొదట ఆలిసో వీధిలోని ఒక కృత్రిమ రబ్బరు కర్మాగారం మీద పడింది. ఆ కర్మాగారాన్ని అదుపులో పెట్టినా స్మాగ్ పోలేదు. తర్వాత అనుమానం గంధక ద్వియామ్లజనిదం మీదకు మళ్ళింది. లండను పొగకు కారణం అదే గదా, ఇక్కడ కూడ అదే కావాలని తలచారు. ఆ వాయువును తగ్గించినా కళ్ళ మంట తగ్గలేదు. పొగ, మంచు అనే అర్థం గల రెండు ఇంగ్లీషు మాటలను అతికి "స్మాగ్" అనే మాట లండనులో పుట్టించారు. లాస్ ఏంజిలిస్ గాలికి పొగతోనూ, మంచుతోనూ అట్టే సంబంధం లేదు. మండుటెండలో, ఆకాశం నిర్మలంగా ఉన్నరోజున, మధ్యాహ్నానికి ముదిరే జబ్బు అది. పేరును అరువు తెచ్చుకున్నవారు కారణాన్ని కూడ అరువు తెచ్చుకున్నారు!

హాగెన్-స్మిట్ గొప్పతనం ఇక్కడే ఉన్నది. "ఈ విషవాయువును వదులుతున్నది ఎవరు?" అని అందరూ వెదుకుతున్నప్పుడు, దానిని ఎవ్వరూ వదలడం లేదని ఆయన చెప్పాడు. అది గాలిలోనే తయారవుతున్నది. పెట్రోలు ఆవిరులు, సరిగా కాలని పెట్రోలు వదిలే హైడ్రోకార్బన్లు ఒక వైపు, యంత్రాల వేడిలో గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి ఏర్పడే నత్రజని ఆక్సైడ్లు రెండవ వైపు. వీటికి ఎండ తోడైతే ఓజోను పుడుతుంది. ఎండ నత్రజని ద్వియామ్లజనిదాన్ని విడగొట్టి ఒక ఆమ్లజని పరమాణువును వదిలిస్తుంది. అది గాలిలోని ఆమ్లజని అణువుతో కలిస్తే మూడు పరమాణువుల ఓజోను అవుతుంది. మిగిలిపోయిన నైట్రిక్ ఆక్సైడు ఆ ఓజోనునే తిరిగి తినివేసి, మళ్ళీ ద్వియామ్లజనిదంగా మారుతుంది. ఇంతటితో ఆగితే లాభనష్టాలు సరిసమానమై ఓజోను పోగుపడదు. హైడ్రోకార్బన్లు మధ్యలో ప్రవేశించి, ఓజోను ఖర్చు కాకుండానే నైట్రిక్ ఆక్సైడును ద్వియామ్లజనిదంగా మార్చివేస్తాయి. అందువల్ల పుట్టిన ఓజోను మిగిలిపోయి, గంటగంటకు పెరుగుతుంది. ఉదయపు వాహనాల పొగ మధ్యాహ్నపు ఓజోనుగా మారడానికి పట్టే కాలం ఇదే.

వివరాలన్నీ 1952 నాటికి తెలిసినవి కావు. హైడ్రోకార్బన్లను దాడిచేసే అసలు శక్తి హైడ్రాక్సిల్ అనే అత్యంత చురుకైన అణుశకలానిదని 1970 ప్రాంతాలకు గాని స్పష్టపడలేదు. ఐనా పత్రం గీచిన రూపురేఖ చెదరలేదు. నూనె కంపెనీల సంఘం ధనసహాయంతో పరిశోధనలు చేసిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ కొన్నేండ్లపాటు ఈ సిద్ధాంతాన్ని శంకించింది. ఆ శంకలన్నీ స్వార్థంతో పుట్టినవని తీసివేయడం న్యాయం కాదు. కొలతలు నిజంగానే కొద్దిగా ఉన్న రోజులవి. కాని 1950ల చివరికి వాదం హాగెన్-స్మిట్ వైపే తీరిపోయింది.

ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించదగినవి పత్రంలోని కొలతసాధనాలు. ఖరీదైన యంత్రాలు అందులో తక్కువ. వంచి కట్టిన రబ్బరు ముక్క ఒక సాధనం. ఓజోను రబ్బరులోని జంటబంధాలను తెంచుతుంది కనుక, సాగదీసిన రబ్బరు మీద అడ్డంగా బీటలు పడతాయి. ఎంత త్వరగా బీట పడితే గాలిలో ఓజోను అంత ఎక్కువ. మామూలు రోజుల్లో చాలసేపు పట్టే బీటలు, స్మాగ్ దట్టించిన రోజున కొద్ది నిమిషాల్లోనే కనబడేవి. పాలకూర, బీటు, ఓట్సు వంటి మొక్కలు రెండవ సాధనం. పెట్రోలు ఆవిరి, ఓజోను కలిపిన గాలిలో వీటిని ఉంచితే, పొలాల్లో రైతులు చూచిన మచ్చలే ఆకుల మీద ఏర్పడ్డాయి. మనుష్యుల కళ్ళు మూడవ సాధనం. ఒక ఊహను నిరూపించడానికి రబ్బరును, ఆకును, కంటిని సాక్షులుగా పిలిచిన ఈ పద్ధతి చాల అందమైనది.

అందమైనదే గాని తప్పు లేనిది కాదు. ఆకుల మచ్చలకు, కళ్ళ మంటకు కారణం సేంద్రియ పెరాక్సైడులని పత్రం నిర్ణయించింది. ప్రయోగశాలలో వచ్చిన మచ్చ పొలంలోని మచ్చను పోలి ఉన్నది కనుక కారణం కూడ అదే కావాలన్నది ఆ తర్కం. పోలిక నిరూపణ కాదు. 1956లో స్టీఫెన్స్, ఆయన సహచరులు పరారుణ కిరణాలతో పరీక్షించి, అంతవరకు పేరులేని ఒక పదార్థాన్ని గుర్తించారు. దానిని మొదట "ఎక్స్ పదార్థం" అన్నారు. అదే నేడు పెరాక్సి ఎసిటైల్ నైట్రేటు అని పేరు పొందింది. పాలకూర వంటి మొక్కల ఆకుల అడుగున వెండిపూత వంటి మెరుపు తెచ్చేది, కంటిని మండించేవాటిలో ముఖ్యమైనది ఇదే. అందులో నత్రజని ఉన్నది. హాగెన్-స్మిట్ అనుకున్న పెరాక్సైడుల్లో లేదు. పొరపాటు చిన్నదే. కాని పాఠ్యపుస్తకాలు పెద్దవారి విజయాలను చెప్పి ఇటువంటివాటిని దాచివేస్తాయి. అది విద్యార్థికి ఉపకారం కాదు.

ఇంకొక లోపం పత్రం పేరులోనే ఉన్నది. "లాస్ ఏంజిలిస్ స్మాగ్" అన్నందువల్ల, చుట్టూ కొండలు, పైన వెచ్చని గాలి మూత, సముద్రతీరం ఉన్న ఆ ఒక్క నగరానికే పట్టిన పీడ ఇది అన్న భావం చాలాకాలం నిలిచింది. ఎండ, వాహనాలు ఉన్న ప్రతి పెద్ద నగరానికీ ఇది చెందుతుందని తర్వాత తేలింది. ఢిల్లీలోను, హైదరాబాదులోను వేసవి మధ్యాహ్నాల్లో జరిగేది ఈ చర్యయే. పైగా హైడ్రోకార్బన్లు వాహనాలకే సొంతం కావు. హాగెన్-స్మిట్ సహచరుడైన ఫ్రిట్స్ వెంట్ 1960లో చెట్ల నుండి వెలువడే ఆవిరులు గాలిలో నీలిపొరను కలిగిస్తాయని వ్రాశాడు. 1988లో ఛమైడిస్ మొదలైనవారు అట్లాంటా నగరంలో చెట్లు వదిలే హైడ్రోకార్బన్లను లెక్కించి, అటువంటి చోట్ల వాహనాల హైడ్రోకార్బన్లను తగ్గించినంత మాత్రాన చాలదని, నత్రజని ఆక్సైడ్లను కూడ తగ్గించాలని చూపారు. అంతమాత్రాన చెట్లను నిందించనక్కరలేదు. నత్రజని ఆక్సైడ్లు లేనిచోట ఆ ఆవిరులు ఓజోనును పోగుచేయలేవు.

ఈ రెండు ముడిపదార్థాల లెక్క సామాన్యమైన కూడిక తీసివేత కాదని 2020లో అందరికీ తెలియవచ్చింది. కోవిడు కారణంగా వాహనాలు ఆగిపోయినప్పుడు వుహాన్, రోమ్, వలెన్సియా వంటి నగరాల్లో నత్రజని ఆక్సైడ్లు బాగా పడిపోయాయి. ఓజోను మాత్రం పెరిగింది! దానిని తినివేసే నైట్రిక్ ఆక్సైడు తగ్గిపోవడమే ముఖ్యకారణం. ఇదే కారణం వల్ల కిక్కిరిసిన కూడలిలో కన్న, గాలివాలున ఊరి బయట ఉన్న తోటలో ఓజోను ఎక్కువగా ఉండడం కద్దు. "ఊరి బయట గాలి మంచిది" అన్న మాట ధూళి విషయంలో నిజం కావచ్చు. ఓజోను విషయంలో ఆ భరోసా లేదు.

ఇక అసలు విషయం. స్మాగ్ లక్షణాలుగా పత్రం పేర్కొన్నవి అయిదు: చూపు ఆనకపోవడం, పంటలకు నష్టం, కళ్ళ మంట, చెడు వాసన, రబ్బరు చెడిపోవడం. ఈ అయిదింటిలో ఊపిరితిత్తులు లేవు. శరీరధర్మశాస్త్రం అన్న మాట పేరులో పెట్టుకొన్న పత్రంలో, గాలి మొట్టమొదట ప్రవేశించే అవయవానికి చోటు దొరకలేదు. ఆకు శ్వాసను అంత శ్రద్ధగా గమనించిన శాస్త్రజ్ఞుడు మనిషి శ్వాసను ఎందుకు గమనించలేదు? సాక్షులను ఎన్నుకోవడంలోనే సమాధానం ఉన్నది. రబ్బరు బీట కంటికి కనబడుతుంది. ఆకు మచ్చ కనబడుతుంది. కన్ను మండితే మనిషే చెబుతాడు. ఊపిరితిత్తి అట్లు చెప్పదు.

అది చెప్పకపోవడానికి కారణం ఓజోను స్వభావంలో ఉన్నది. గంధక ద్వియామ్లజనిదం నీటిలో సులభంగా కరుగుతుంది. అందువల్ల అది చాలవరకు ముక్కు, గొంతు తడిలోనే పట్టుబడి, దగ్గు తెప్పించి, ముందుగానే హెచ్చరిస్తుంది. ఓజోను నీటిలో కరగడం తక్కువ. కొంత భాగం ముక్కులో ఆగినా, మిగిలినది లోనికి దిగి, శ్వాసనాళాల చివరి సన్నని కొమ్మల వరకు, వాయుకోశాల మొదళ్ళ వరకు పోతుంది. అక్కడ కణాలను కప్పి ఉన్న పలుచని ద్రవంతోను, అందులోని కొవ్వు పదార్థాలతోను చర్య జరిపి వాపు కలిగిస్తుంది. లోతుగా ఊపిరి తీయబోతే ఛాతీలో పట్టినట్లవుతుంది; ఒక్కసారిగా బయటికి ఊదగల గాలి పరిమాణం తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఇది మరింత ప్రమాదకరం. రబ్బరులో ఓజోను తెంచే జంటబంధాల వంటివే ఈ కొవ్వుల్లో కూడ ఉన్నవి. ఈ పోలిక హాగెన్-స్మిట్ చేతికి అందేంత దూరంలోనే ఉండెను.

ఆ పనిని తొలిగా చేసినవారిలో, విచిత్రంగా, ఉన్నత పాఠశాల విద్యార్థులున్నారు. లాస్ ఏంజిలిస్ జిల్లాలోని శాన్ మరీనో ఉన్నత పాఠశాల పరుగుపందెపు జట్టు ఫలితాలను 1959 మొదలు 1964 వరకు సేకరించి, వేన్, వెర్లీ, కారల్ అనే ముగ్గురు 1967లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఒక వ్యాసం వ్రాశారు. పందెానికి ముందు గంటలో గాలిలోని ఆక్సీకారకాలు ఎంత ఎక్కువగా ఉంటే, వెనుకటి పందెం కన్న వేగంగా పరుగెత్తలేకపోయిన పిల్లల శాతం అంత ఎక్కువగా ఉన్నది. ఈ చిన్న వ్యాసం శరీరధర్మం విషయంలో 1952 నాటి పత్రం కన్న ఒక మెట్టు ముందున్నదనడం అతిశయోక్తి కాదు. గాలిలో ఓజోను ఎంత ఉన్నదన్నది సగం ప్రశ్న. ఎంత గాలి పీలుస్తున్నాడన్నది మిగిలిన సగం. కదలక కూర్చున్నవాడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. పరుగెత్తేవాడు దానికి ఎనిమిది పది రెట్లు, అదీ నోటితో, పీలుస్తాడు. ఒకే మైదానంలో, ఒకే గంటలో, గట్టు మీద కూర్చున్న ఉపాధ్యాయునికి, పరుగెత్తే విద్యార్థికి అందే మోతాదులు ఒకటి కావు.

తర్వాతి పరిశోధనలు దీనిని బలపరచాయి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ప్రయోగశాలలో ఆరోగ్యవంతులైన యువకులను ఆరున్నర గంటలకు పైగా, పదికోట్ల పాళ్ళ గాలికి 8 పాళ్ళ ఓజోను మాత్రమే ఉన్న గదిలో, మధ్యమధ్య విశ్రాంతినిస్తూ వ్యాయామం చేయించారు. అంత స్వల్పమైన మోతాదుకే వారి ఊపిరి సత్తువ తగ్గిందని 1990లో ప్రకటించారు. 1950ల మధ్య లాస్ ఏంజిలిస్ గాలిలో అదే కొలత 50 పాళ్ళు దాటిన రోజులుండేవి. 2002లో మెక్‌కానెల్ మొదలైనవారు దక్షిణ కాలిఫోర్నియాలోని 12 ఊళ్ళలో 3,535 మంది పిల్లలను అయిదేండ్ల వరకు గమనించి వ్రాసినది ఇంకా ఆలోచించదగినది: ఓజోను హెచ్చుగా ఉన్న ఊళ్ళలో మూడు, అంతకు మించి ఆటలాడే పిల్లల్లో కొత్తగా ఉబ్బసం కనబడడం, ఏ ఆటా ఆడని పిల్లల కన్న మూడు రెట్లకు పైగా ఉన్నది. ఓజోను తక్కువ ఉన్న ఊళ్ళలో ఆటలవల్ల ఆ తేడా కనబడలేదు. తప్పు ఆటది కాదు, ఆడిన గాలిదని దీనివల్ల ఊహించవచ్చు.

ఈ దృష్టితో మన దేశపు కొలతలను చూస్తే, ఊపిరితిత్తిని మరచిన పాత అలవాటు ఇక్కడ కూడ కనబడుతుంది. ఎనిమిది గంటల సగటున ఘనమీటరు గాలిలో ఓజోను 100 మైక్రోగ్రాములు, ఒక్క గంటకు 180 మైక్రోగ్రాములు మించరాదని 2009లో ప్రమాణాలు నిర్ణయించారు. ఎనిమిది గంటలకు 100 అన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో చెప్పిన హద్దుకు సమానమే. ఇందులో వంక పెట్టవలసినది లేదు. చిక్కు 2015లో ప్రారంభమైన జాతీయ వాయు నాణ్యతా సూచికలో ఉన్నది. ధూళి, ఓజోను మొదలైన ఎనిమిది పదార్థాలకు విడివిడిగా సూచిక కట్టి, అన్నిటిలో పెద్దదైన అంకెను మాత్రమే ఆ నగరపు సూచికగా ప్రకటిస్తారు. ధూళి సూచిక 160, ఓజోను సూచిక 155 అయిన రోజున జనానికి చేరేది 160 ఒక్కటే. ఓజోను దాని చాటున ఉండిపోతుంది. పైగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దినసరి పట్టిక సాయంకాలం నాలుగు గంటలకు, వెనుకటి ఇరవై నాలుగు గంటల లెక్కతో వెలువడుతుంది. ఓజోను ముదిరేది సుమారు మధ్యాహ్నం ఒంటిగంటకు, నాలుగు గంటలకు మధ్య. పట్టిక వచ్చేసరికి ఆ పూట ఆట ముగిసి ఉంటుంది.

ఐనా ఆ పట్టికను త్రోసివేయరాదు. అందులో ప్రధాన కాలుష్యకారకం ఏదో చెప్పే గడి ఒకటి ఉన్నది. వేసవిలో ఆ గడిలో ఓజోను పేరు వరుసగా కనబడితే, మరునాటి ఆటలు ఏ పూట పెట్టాలో వ్యాయామోపాధ్యాయుడు నిర్ణయించుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో మార్చి నడుమ నుండి నడిచే ఒంటిపూట బడులు ఎండదెబ్బ కోసం పెట్టినవి. ఓజోను ముదిరే వేళకు పిల్లలు బడి మైదానంలో ఉండకపోవడం వాటివల్ల కలిగిన అనుకోని లాభం. ఆ పిల్లలే మూడు గంటలకు వీధిలో క్రికెట్టు ఆడితే ఆ లాభం పోయినట్లే. తలుపులు మూసిన గదిలో ఓజోను బయటికన్న చాల తక్కువ. గోడలకు, బట్టలకు తగిలి త్వరగా నశిస్తుంది. ముక్కుకు కట్టే గుడ్డ గాని, ధూళిని ఆపే ముసుగు గాని ఈ వాయువును ఆపలేవు. గాలిని శుద్ధి చేస్తామని ఓజోనునే పుట్టించే యంత్రాలు కొన్ని అమ్మకంలో ఉన్నవి. వాటిని ఇంట్లో పెట్టుకోవడం కోరి తెచ్చుకున్న కీడు. ఓజోను ఆరోగ్యప్రదమన్న భ్రమ కొత్తది కాదు. షోన్‌బైన్ 1839లో దానిని కనుగొన్న తర్వాత, పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో "మా ఊరి గాలిలో ఓజోను నిండుగా ఉన్నది" అని విహారస్థలాలు గొప్పగా చెప్పుకొనేవి!

హాగెన్-స్మిట్ తర్వాతి జీవితం ఆయన పత్రానికి మంచి వ్యాఖ్యానం. 1968లో కాలిఫోర్నియా వాయువనరుల మండలికి మొదటి అధ్యక్షుడై, వాహనాల పొగ మీద కట్టుబాట్లు తేవడంలో ఆయన ముందు నిలిచాడు. 1975 నుండి అమెరికా కార్లకు అమర్చిన ఉత్ప్రేరక పరికరాలు ఆ కట్టుబాట్ల ఫలితమే. లాస్ ఏంజిలిస్ ఓజోను అప్పటి స్థాయిలో చిన్న భాగానికి దిగింది. ఐనా ఎనిమిది గంటలకు పదికోట్ల పాళ్ళలో 7 పాళ్ళు అన్న నేటి అమెరికా ప్రమాణాన్ని ఆ ప్రాంతం ఇంకా అందుకోలేదు.

పత్రంలోని రబ్బరు ప్రయోగం నేటికీ బడిలో చేయదగినదే. సహజ రబ్బరు పట్టీలను చిన్న చెక్కచట్రాలకు బిగువుగా సాగదీసి తగిలించి, ఒకటి రోడ్డు పక్క, ఒకటి ఊరి బయట, ఒకటి మూతబిగించిన సీసాలో ఉంచాలి. ఎండ స్వయంగా రబ్బరును చెడగొడుతుంది కనుక అన్నింటినీ నీడనే ఉంచాలి. వారం, పది రోజుల తర్వాత భూతద్దంతో చూచి, సాగిన దిక్కుకు అడ్డంగా పడిన బీటలను లెక్కించాలి. రోడ్డు పక్క పట్టీ కన్న ఊరి బయటి పట్టీ మీద ఎక్కువ బీటలు కనబడితే ప్రయోగం తప్పిందనుకొని పారవేయరాదు. వాహనాల నైట్రిక్ ఆక్సైడు రోడ్డు మీది ఓజోనును ఎట్లు తినివేస్తుందో తరగతిలో అడగడానికి అది మంచి సమయం.